కింది గీత

మధ్యాహ్నం బడి వదలగానే పిచ్చుక పరుగున ఇంటికొచ్చింది. పుస్తకాల సంచీ గుమ్మంలో పడేసి, అదే ఊపులో అమ్మ కారు దగ్గరికి వెళ్ళింది. కారు అప్పుడే వచ్చి గోడ నీడలో ఆగింది. అమ్మ ఇంకా స్టీరింగు ముందే కూర్చుని నీళ్ళు తాగుతోంది.

"అమ్మా, బానెట్ తెరువు. టాంకీ చూస్తా!"

"ఇప్పుడా? ఇంజిన్ పెనంలా కాలుతోంది. రేపు పొద్దున్న చూడు. చల్లగా ఉన్నప్పుడే అది నిజం చెప్తుంది."

పిచ్చుక మూతి ముడుచుకుంది. దానికి అసలు పేరొకటి ఉంది కానీ, అది బడి రిజిస్టరులోనే ఉండిపోయింది. కాలు ఒకచోట నిలవదు, నోరు మూతపడదు అని చిన్నప్పుడే నాయనమ్మ దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. ఇంటిల్లిపాదికీ ఆ పేరే ఖాయమైపోయింది.

అమ్మ టాక్సీ నడుపుతుంది. పొద్దున్నే వెళ్తుంది, మధ్యాహ్నం కాసేపు ఇంటికొచ్చి మళ్ళీ వెళ్తుంది. ఈ మధ్యనే పిచ్చుకకు ఒక ఉద్యోగం ఇచ్చింది. రోజూ పొద్దున్న, కారు బయల్దేరకముందు, కూలంట్ టాంకీ చూడాలి.

మొదటిసారి చూపించినప్పుడు అమ్మ బానెట్ ఎత్తి, ఒక మూలనున్న తెల్లటి ప్లాస్టిక్ డబ్బా మీద వేలు పెట్టింది. దాని గోడలోంచి లోపలి ఆకుపచ్చ నీళ్ళు మసకగా కనిపిస్తున్నాయి.

"ఇంజిన్‌కి కూడా జ్వరం వస్తుంది. రాకుండా కాపాడేది ఈ కూలంట్. ఇదిగో ఇది పై గీత, ఇది కింది గీత. నీళ్ళు ఈ రెండు గీతల మధ్య ఉండాలి. నువ్వు వంగి చూడు, చూసింది నాకు చెప్పు. అంతే నీ పని. మూత జోలికి మాత్రం వెళ్ళకు."

"ఎందుకూ?"

"ఇంజిన్ వేడిగా ఉంటే లోపల ఆవిరి కుక్కర్లో ఉన్నట్టు బిగుసుకుని ఉంటుంది. మూత తిప్పితే మొహం మీదికి చిమ్ముతుంది. పైగా ఆ ఆకుపచ్చ నీళ్ళు విషం. కాస్త తియ్యగా ఉంటాయి, కింద పడితే పిల్లులు నాకుతాయి. అందుకే మిగతా కూలంట్ ఉన్న డబ్బాను ఇంట్లో అంత పైన పెట్టాను."

పిచ్చుక గుమ్మంలోంచి లోపలికి తలెత్తి చూసింది. కూలంట్ డబ్బా అలమర పైన, తను స్టూలు ఎక్కినా అందని చోట ఉంది.

అప్పటి నుంచి రోజూ పొద్దున్న అదే తంతు. అమ్మ బానెట్ ఎత్తి లోపలికెళ్ళి జడ వేసుకుంటూ కేక వేసేది.

"ఏం చెప్తోందే బండి?"

"అంతా బాగుంది!" అని పిచ్చుక అరిచేది.

"శభాష్!"

ఆ శభాష్ కోసం పిచ్చుక పక్క మీంచి ఒక్క పిలుపుకే లేచేది. అంతకుముందు దాన్ని లేపడానికి ఇంట్లో చిన్న యుద్ధమే జరిగేది.

నిజానికి 'అంతా బాగుంది' అనేది ఆ ఇంటి మాట. సాయంత్రం అమ్మ అలిసిపోయి వచ్చి చెప్పులు విప్పుతుంటే, ఎలా గడిచిందని నాన్న అడిగేవాడు. "బాగానే" అనేది అమ్మ. నాన్న ఫ్యాక్టరీలో ఏం జరిగినా ఇంట్లో 'బాగానే' జరిగేది. ఇక నాయనమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. రోజూ సాయంత్రం దూరాన ఉన్న చెల్లెలు ఫోన్ చేసేది. పిచ్చుకకు ఆవిడ చిన్న నాయనమ్మ. నాయనమ్మ మోకాలి నొప్పితో గోడ పట్టుకుని నిలబడి కూడా, "నాకేమే, అంతా బాగానే ఉంది" అనేది.

"మోకాలు నొప్పి అన్నావుగా?" అని పిచ్చుక ఒకసారి అడిగింది.

"ఉన్నవన్నీ చెప్పుకుంటామా? అది అక్కడ కూర్చుని దిగులు పడుతుంది."

బడిలోనూ అంతే. లెక్కల టీచర్ బోర్డు నిండా భిన్నాలు వేసి "అర్థమైందా?" అని అడిగితే, క్లాసంతా "అర్థమైంది టీచర్" అనేది. అందరికంటే గట్టిగా అరిచేది పిచ్చుకే. భిన్నాలు మాత్రం దాని బుర్రలోకి ఇసుమంతైనా దిగలేదు.

ఒక రోజు పొద్దున్న పిచ్చుక టాంకీలోకి చూసి ఆగిపోయింది. ఆకుపచ్చ నీళ్ళు కింది గీత కన్నా కిందికి దిగిపోయాయి. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. గీత పైన ఉంది, నీళ్ళు కింద ఉన్నాయి.

"ఏం చెప్తోందే బండి?" లోపలి నుంచి అమ్మ కేక.

పిచ్చుక నోరు తెరిచింది. అమ్మకు అప్పటికే ఆలస్యమైంది. తక్కువుందంటే స్టూలు వెయ్యాలి, డబ్బా దించాలి, చిరాకు పడుతుంది. ఇవాళ శభాష్ ఉండదు. 'నువ్వేమైనా కెలికావా?' అని అడిగినా అడుగుతుంది.

"అంతా... ఒక్క నిమిషం!"

వంటింట్లోకి పరుగెత్తి మగ్గుతో నీళ్ళు తెచ్చింది. మూత జోలికి వెళ్ళొద్దన్న మాట గుర్తొచ్చింది. ఇంజిన్ చల్లగానే ఉందిగా అని తనకు తనే సర్దిచెప్పుకుంది. పాఠంలో మనకు పనికొచ్చే ముక్క ఎప్పుడూ బాగానే గుర్తుంటుంది మరి! మూత తిప్పి, గీత దాటేదాకా నీళ్ళు పోసి, మళ్ళీ బిగించింది.

"అంతా బాగుంది!"

"శభాష్!"

మర్నాడు మళ్ళీ తగ్గాయి. మళ్ళీ మగ్గు వచ్చింది. ఆ తర్వాత కూడా అంతే. ఆకుపచ్చ రంగు రోజురోజుకీ ఉతికిన గుడ్డలా వెలిసిపోతోంది. పిచ్చుక శభాష్ అందుకుంటూనే ఉంది కానీ, ఇప్పుడు అది విన్నాక అమ్మ మొహంలోకి చూడకుండా పక్కకు తప్పుకుంటోంది. అయినా తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు.

ఇంతలో చిన్న నాయనమ్మ కబురు ఫోన్లో వచ్చింది. కూతురు కొత్త ఇంట్లోకి మారుతోందట, సాయానికి వెళ్తోందట. ఆ రైలు మన ఊరి అవతల జంక్షన్‌లో కాసేపు ఆగుతుంది. దిగి ఉండిపోవడానికి వీల్లేదు. కానీ స్టేషన్‌కి వస్తే ఆ కాసేపైనా కళ్ళారా చూసుకోవచ్చు.

నాయనమ్మకు కాళ్ళు నేల మీద ఆనలేదు. అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకుని ఏళ్ళయింది. ఎప్పుడో మొదలుపెట్టి వదిలేసిన ఊలు శాలువాను బయటికి తీసి, కూర్చుని అల్లి పూర్తి చేసింది. అంచు నచ్చక ఊడదీసి మళ్ళీ అల్లింది.

శనివారం మధ్యాహ్నం ముగ్గురూ బయల్దేరారు. అమ్మ స్టీరింగు ముందు, పిచ్చుక, నాయనమ్మ వెనక సీట్లో, నాయనమ్మ ఒళ్ళో శాలువా. పొద్దున్న కూడా పిచ్చుక మగ్గు నీళ్ళు పోసి, బాగుందనే చెప్పింది.

ఊరు దాటాక ఎండ నిప్పులు చెరుగుతోంది. రోడ్డు రైలు పట్టాల పక్కనే సాగుతోంది. నాయనమ్మ చిన్నప్పటి కబుర్లు చెప్పి తనే నవ్వుతోంది. ఉన్నట్టుండి అమ్మ మాట్లాడటం మానేసింది. చెయ్యి చాచి ఏసీ ఆపేసింది.

"ఏమైందమ్మా?" అంది నాయనమ్మ.

"ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎర్ర గీత మీదికి వెళ్తోంది అత్తయ్యా. ఆపాలి."

కారు రోడ్డు పక్కన ఆగింది. అమ్మ ఇంజిన్ ఆపేసింది. బానెట్ అంచుల్లోంచి తెల్లటి ఆవిరి బుసబుసమంటూ వస్తోంది. ఎందుకు ఆగిందో ఆ కారులో దానికొక్కదానికే తెలుసు.

ఆవిరి తగ్గేదాకా ఆగి, అమ్మ మొహం దూరంగా ఉంచి బానెట్ ఎత్తింది. ఫోన్ తీసి ఇంకో టాక్సీ కోసం ఒకరి తర్వాత ఒకరిని అడిగింది. దగ్గర్లో ఎవరూ లేరు. నాయనమ్మ కిటికీలోంచి రోడ్డు చివరికి చూస్తూ, "ఇంకా టైముందిలే, ఇంకా టైముందిలే" అని తనలో తను అనుకుంటోంది.

పిచ్చుక ఇక కూర్చోలేకపోయింది. కాసిన్ని నీళ్ళు పోస్తే చాలు, కారు కదులుతుంది, రైలు అందుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. నీళ్ళ సీసా పట్టుకుని దిగింది. చేతికి రుమాలు చుట్టుకుని టాంకీ మూత మీదికి చాచింది.

"ఆగు!"

అమ్మ అంత గట్టిగా అరవడం పిచ్చుక ఎప్పుడూ వినలేదు. అమ్మ చెయ్యి దాని మణికట్టు పట్టుకుని వెనక్కి లాగేసింది. సీసా కింద పడి దొర్లిపోయింది.

"చెప్పానా లేదా? ఇప్పుడు అది తిప్పితే నీ మొహం ఉడికిపోయేదే!" అమ్మ పిచ్చుక చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, గుండెలకు అదుముకుంది. "చల్లారేదాకా ఎవ్వరూ ముట్టుకోకూడదు. రైలు పోయినా సరే."

రైలు పోయింది కూడా. జంక్షన్ వైపు నుంచి కూత వినిపించింది. నాయనమ్మ మోకాలు పట్టుకుని కారు దిగింది. నీలం రంగు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి ధడధడమంటూ వాళ్ళ పక్క నుంచే వెళ్ళిపోయాయి. ఏ కిటికీలో చెల్లెలుందో తెలియదు. అయినా నాయనమ్మ శాలువా పట్టుకున్న చెయ్యి పైకెత్తి, ఆఖరి పెట్టె దాటేదాకా ఊపుతూనే ఉంది.

తర్వాత ఫోన్ మోగింది.

"ఆఁ, చెల్లీ... లేదే, కుదరలేదు. కారు కాస్త మొరాయించింది. అయ్యో, ఏడవకే. నాకేం, అంతా బాగానే ఉంది."

ఆ మాట వినగానే పిచ్చుకకు ఏడుపు ఆగలేదు. వెక్కివెక్కి ఏడుస్తూ అంతా చెప్పేసింది. కింది గీత, మగ్గు, శభాష్, అన్నీ.

అమ్మ వంగి దొర్లిపోయిన సీసాను ఏరుకుంది. నాయనమ్మ శాలువాను మెల్లగా మడత పెట్టుకుంది. ఇద్దరిలో ఎవరైనా తిట్టి ఉంటే బాగుండుననిపించింది పిచ్చుకకు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక అమ్మ డిక్కీలోంచి మందపాటి గుడ్డ తెచ్చి మూత మీద కప్పింది. మొహం పక్కకు తిప్పుకుని కొంచెమే తిప్పింది. స్‌స్ అని గాలి పోయింది. ఆ చప్పుడు ఆగాకే మూత తీసింది. లోపలికి చూసి నిట్టూర్చింది.

"రంగే లేదు. ఉత్త నీళ్ళు. కూలంటైతే అంత తొందరగా మరగదు, లోపల తుప్పు పట్టనివ్వదు. నువ్వు నీళ్ళు పోసి దాన్ని పలచబరిచావు. అది కాదే పెద్ద తప్పు. అసలు ఇన్ని నీళ్ళు ఎటు పోతున్నాయి? ఎక్కడో కారుతోంది. కారుతోందని బండి రోజూ నీకు చెప్తోంది. నువ్వు నాకు చెప్పలేదు."

డిక్కీలో ఉంచిన నీళ్ళతో టాంకీ నింపి, నెమ్మదిగా, ఆగుతూ ఆగుతూ మెకానిక్ షెడ్డుకి చేరారు. మెకానిక్ బాబాయి టార్చి వేసి కిందికి దూరి, పగిలిన రబ్బరు గొట్టం ఒకటి బయటికి లాగాడు.

"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారే!" అన్నాడు. పిచ్చుక తలొంచుకుంది.

కొత్త గొట్టం, కొత్త కూలంట్‌తో కారు ఇంటికొచ్చింది. ఆ రాత్రి భోజనాల దగ్గర నాయనమ్మే నోరు విప్పింది.

"దాన్ని ఏమనకమ్మా. ఆ 'అంతా బాగుంది' నా దగ్గరే నేర్చుకుంది."

"నేను కూడా ఒక్కసారి వంగి చూసుకోవాల్సింది" అంది అమ్మ. "ఉద్యోగం దానికిచ్చి చేతులు దులుపుకున్నాను."

మర్నాడు పొద్దున్న పిచ్చుక కారు దగ్గరికి వెళ్ళలేదు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"రావా?"

"ఇంక నన్ను చూడనివ్వవు కదా?"

"మరెవరు చూస్తారు? పిచ్చిపిల్లా, నేను రోజూ ఏమని అడుగుతాను? బాగుందా అని అడుగుతానా?"

పిచ్చుక ఆలోచించింది. "కాదు. ఏం చెప్తోంది అంటావు."

"అంతే మరి. అది ఏం చెప్తే అది చెప్పు. తర్వాత సంగతి నేను చూసుకుంటా."

చిన్న నాయనమ్మ తిరుగు ప్రయాణం తర్వాతి వారం. మళ్ళీ అదే జంక్షన్. ఆ రోజు పొద్దున్నే నాయనమ్మ తయారై, శాలువా ఉన్న సంచీ చంకన పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఎప్పటికన్నా తొందరగా బయల్దేరుదామని అమ్మను రెండుసార్లు తొందరపెట్టింది.

పిచ్చుక టాంకీ మీదికి వంగింది. ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూసింది. కొత్త ఆకుపచ్చ నీళ్ళు నిన్నటిదాకా గీతల మధ్య నిశ్చింతగా ఉన్నాయి. ఇవాళ కింది గీత కన్నా ఒక వేలు దిగువన ఉన్నాయి.

పిచ్చుక వెనక్కి తిరిగి చూసింది. నాయనమ్మ దాన్నే చూస్తోంది. సంచీ పిడిని గట్టిగా పట్టుకుని ఉంది. ఇవాళ తక్కువుందని చెప్తే మళ్ళీ షెడ్డుకే పోవాలేమో. రైలు మళ్ళీ పోతుందేమో. నాయనమ్మ మళ్ళీ రోడ్డు పక్కన నిలబడి చెయ్యి ఊపాలేమో. ఒక్క మాట, రోజూ చెప్పిన మాటే, ఇంకొక్కసారి చెప్తే కారు ఈ క్షణమే కదులుతుంది.

"ఏం చెప్తోందే బండి?" అమ్మ అడిగింది.

పిచ్చుక ఇంకోసారి టాంకీలోకి చూసింది.

"తక్కువుందని చెప్తోంది. కింది గీత కిందికి పోయింది."

గుమ్మంలో నాయనమ్మ చెయ్యి సంచీ పిడి మీద జారింది.

అమ్మ జడ సగంలో వదిలేసి వచ్చింది. బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూసింది, రాత్రంతా ఆగిన బండి చల్లగా ఉంది. కారు కింద పరిచిన అట్టముక్కను బయటికి లాగింది. లీకు ఉంటే తెలుస్తుందని గొట్టం మార్చిన రోజు నుంచీ రాత్రిళ్ళు అది పరుస్తోంది. పిచ్చుక కూడా వంగి వేలితో రాసి చూసింది. పొడిగా ఉంది, ఒక్క చుక్క లేదు. అమ్మ మెకానిక్ బాబాయికి ఫోన్ చేసింది.

"గొట్టం మార్చినప్పుడు లోపల కాస్త గాలి మిగిలిపోతుందట. అది మెల్లగా బయటికొచ్చేస్తే ఈ మాత్రం దిగుతుందట. లీకు లేకపోతే నింపుకుని వెళ్ళొచ్చన్నాడు."

స్టూలు వచ్చింది, డబ్బా దిగింది. చల్లటి బండైనా అమ్మ గుడ్డ కప్పాకే మూత తీసింది. గీతల మధ్యకు వచ్చేదాకా పోసింది. ఒక చుక్క పక్కన పడితే పిచ్చుకే తడిగుడ్డతో తుడుస్తానంది. అమ్మ ముందు దానికి రబ్బరు తొడుగులు తొడిగింది. గోడ మీద పిల్లి ఇదంతా చూస్తూ కూర్చుంది.

"అయితే నేను చెప్పకపోయినా ఇవాళ ఏమీ అయ్యేది కాదా?" అంది పిచ్చుక.

"అయ్యేది కాదేమో" అంది అమ్మ డబ్బా మూత బిగిస్తూ. "కానీ ఆ సంగతి నువ్వు చెప్పాకే కదా తెలిసింది." ఆ పైన "శభాష్" అంది.

దారి పొడుగునా పిచ్చుక వేడి ముల్లు మీంచి చూపు తిప్పలేదు. ముల్లు ఎక్కడుండాలో అక్కడే బుద్ధిగా నిలబడింది. వాళ్ళు ప్లాట్‌ఫాం మీదికి చేరాక, కాసేపటికి రైలొచ్చి ఆగింది.

"అక్కా!"

మూడో కిటికీలోంచి నాయనమ్మ లాంటి మొహమే ఇంకొకటి, కాస్త చిన్నది, బయటికి తొంగి చూసింది. నాయనమ్మ మోకాలి సంగతి మర్చిపోయి గబగబా నడిచింది. కిటికీ ఊచల్లోంచి ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. శాలువా ఊచల మధ్య నుంచి లోపలికి వెళ్ళింది. ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ నవ్వారు.

"ఎలా ఉన్నావక్కా?"

"నాకేమే, అంతా బా..."

నాయనమ్మ ఆగిపోయింది. పక్కనున్న పిచ్చుకను చూసింది. పిచ్చుక కళ్ళార్పకుండా నాయనమ్మనే చూస్తోంది.

"మోకాలు అస్సలు బాగా లేదే" అంది నాయనమ్మ. "రాత్రిళ్ళు నిద్ర పట్టదు. ఆ వేళ నీ రైలు నా కళ్ళ ముందే వెళ్ళిపోతే, వారమంతా అన్నం సహించలేదు."

చిన్న నాయనమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "మరి రోజూ ఫోన్లో చెప్పవేం? నాకూ నడుం పట్టేసి నెల రోజులయింది. నువ్వు దిగులు పడతావని చెప్పలేదు."

అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వేశారు. తర్వాత చిన్న నాయనమ్మ ఊచల్లోంచి చెయ్యి చాచి పిచ్చుక బుగ్గ గిల్లింది.

"ఏమే పిచ్చుకా, చదువు ఎలా ఉంది?"

పిచ్చుక వేళ్ళు మడుస్తూ చెప్పింది.

"తెలుగు పై గీత దగ్గరుంది. లెక్కల్లో భిన్నాలు మాత్రం కింది గీత కిందున్నాయి. సోమవారం టీచర్‌తో చెప్తా."

"గీతలేంటే, నాకేం అర్థం కాలేదు!"

రైలు కూత వేసింది. చక్రాలు కదిలాయి. నాయనమ్మ కిటికీ పక్కనే కుంటుతూ నాలుగడుగులు వేసింది.

"సాయంత్రం ఫోన్ చెయ్యవే చెల్లీ!" అని గట్టిగా అరిచింది. "అన్నీ చెప్తా! ఉన్నవన్నీ చెప్తా!"